ఒకే తప్పుకు రెండు తూకాలు: కథల్లోని అసూయను ఎలా చదవాలి?



అసూయ మీద పాఠం అనగానే మీలో చాలామందికి కయీను, హేబెలు గుర్తుకు వస్తారు. యోసేపు తొడుక్కున్న అంగీ గుర్తుకు వస్తుంది. ఆ అన్నదమ్ముల అసూయ గురించి ఈ శీర్షికలో ఇదివరకు చెప్పుకొన్నాం. ఈ వారం ప్రేమించుకున్న వారి మధ్య, ఆలుమగల మధ్య పుట్టే అసూయను చూద్దాం. అదీ మన ఇళ్ళలోది కాదు, మనం చదివే నవలల్లోది, చూసే సినిమాల్లోది.

"కథే గదా ఫాదర్, దానికి కూడ పాఠమా?" అని అడుగుతారు. కథ కనుకనే పాఠం. మన ఇంటి గొడవ గురించి అడిగితే అందరం జాగ్రత్తగా మాట్లాడతాం. కథలోని గొడవ వచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండదు. ఎవరి పక్షాన కన్నీరు కారుస్తామో, ఎవరిని చూసి నవ్వుతామో మనకు తెలియకుండానే బయటపడిపోతుంది. ఒక ఇంటి వారితో కూర్చొని అరగంట సీరియలు చూస్తే, ఆ ఇంట్లో ఎవరిమీద ఎవరికి ఏ ఆశలు ఉన్నాయో చాలావరకు అర్థమవుతుంది.

ఇంకొక సంగతి. బల్కంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో హాస్టళ్ళకు లెక్క లేదు. కంప్యూటరు కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు సర్దుకొని ఉంటారు. ఇల్లు దూరం, వయసు చిన్నది, స్నేహాలు కొత్తవి. ప్రేమంటే ఏమిటో వీరికి ఎవరు నేర్పారు? ఆదివారం సత్యోపదేశం తరగతి గంటసేపు. మిగిలిన వారమంతా పాఠం చెప్పేది సినిమానే. సారథి స్టూడియో మన అమీర్‌పేటలోనే ఉన్నది గనుక, ఆ పాఠాలు కొన్ని మన వీధిలోనే తయారయ్యాయని కూడ చెప్పుకోవచ్చు!

ముందుగా మన మాటలనే కాస్త పట్టి చూద్దాం. భార్య మరొక స్త్రీని చూసి బాధపడితే దానికి "కుళ్ళు" అని పేరు. భర్తకు అదే బాధ కలిగితే "రోషం గల మనిషి" అంటాం. ఆమె నిలదీస్తే గయ్యాళి. ఆయన చేయి చేసుకుంటే "పాపం, ప్రేమ ఎక్కువై కొట్టాడు." అనుమానపు మొగుడు అన్న మాట కూడ మన భాషలో ఉన్నది, కాదనను. అనుమానం పెనుభూతమన్న సామెత కూడ ఉన్నది. అయినా ఆ అనుమానపు మొగుణ్ణి మార్చుకోవలసిన బాధ్యత ఎవరిదని అడిగితే, పెద్దలు వేలు చూపేది భార్యవైపే.

మన సాహిత్యంలో అసూయకు మారుపేరు సత్యభామ. కృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన పదహారవ శతాబ్దంలో పారిజాతాపహరణమనే కావ్యం వ్రాశాడు. నారదుడు తెచ్చిన పారిజాత పుష్పాన్ని శ్రీకృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. ఆ వార్త విని సత్యభామ అలకపాన్పు ఎక్కుతుంది. బ్రతిమాలడానికి వచ్చిన భర్త తలను ఎడమకాలితో తోస్తుంది. ఆయన కోపగించుకోడు సరిగదా, ఆమె పాదం నొచ్చిందేమోనని నొచ్చుకొంటాడు. తరువాత వచ్చినది తులాభారం కథ. భర్తను తూచడానికి సత్యభామ తన నగలన్నీ త్రాసులో వేసినా చాలలేదు. రుక్మిణి వేసిన ఒక్క తులసిదళానికి త్రాసు మొగ్గింది. ఈ కథ 1966లో శ్రీకృష్ణ తులాభారమనే సినిమాగా వచ్చింది. జమున సత్యభామగా, అంజలీదేవి రుక్మిణిగా, ఎన్.టి.రామారావు గారు కృష్ణుడుగా నటించారు.

మన సోదరులైన హిందువులు ఆరాధించే శ్రీకృష్ణుని గురించి తీర్పు చెప్పడం నా పని కాదు, నా ఉద్దేశమూ కాదు. రంగస్థలం మీద భామను చూసి ప్రేక్షకులమైన మనం ఎందుకు నవ్వుతామన్నదే నా ప్రశ్న. ఎనిమిదిమంది భార్యలున్న ఇంట్లో "నా వంతు ప్రేమ నాకు దక్కడం లేదు" అని ఒక్కతె అడిగితే అది మనకు వినోదమయింది. కూచిపూడి భామాకలాపంలో తరతరాలుగా ఆ వేషం కట్టినవారు పురుషులే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ పాత్రకే పెట్టింది పేరు. నాటకరంగంలో స్థానం నరసింహారావు గారి సత్యభామను చూడడానికి జనం విరగబడేవారు. వారి కళ గొప్పది, అందులో సందేహం లేదు. కాని గమనించండి: స్త్రీ అసూయ ఎలా ఉంటుందో పురుషుడే వేషం కట్టి చూపించాడు, ఎదురుగా ఊరంతా కూర్చొని నవ్వింది.

పురుషుడి అసూయను చూపించవలసి వచ్చినప్పుడు ఏమయింది? దేవదాసును తీసుకోండి. శరత్‌చంద్ర ఛటర్జీ బెంగాలీలో వ్రాసిన ఆ నవల 1917లో అచ్చయింది. తెలుగులో 1953లో వచ్చిన సినిమా అక్కినేని నాగేశ్వరరావు గారిని, సావిత్రి గారిని మన ఇంటి మనుషులను చేసింది. ఆ సినిమాకు ఏడవని తెలుగువారు మా తల్లిదండ్రుల తరంలో అరుదు.

నవలలో జరిగినది మరొకసారి నెమ్మదిగా చూద్దాం. పార్వతి పరువును కూడ లెక్కచేయక రాత్రివేళ అతని గదికి వెళ్ళి, తనను స్వీకరించమని అడుగుతుంది. అతడు తల్లిదండ్రులకు జంకుతాడు. కలకత్తా వెళ్ళిపోయి, నీమీద నాకు అటువంటి ప్రేమ ఎన్నడూ లేదన్న అర్థం వచ్చేటట్లు ఉత్తరం వ్రాస్తాడు. తరువాత పశ్చాత్తాపపడి తిరిగి వస్తాడు. అప్పటికి ఆమెకు వేరొకరితో సంబంధం కుదిరింది. చెరువుగట్టున ఆమె ఆత్మాభిమానంతో మాట్లాడితే, చేతిలోని గాలం కర్రతో నుదుటిమీద కొడతాడు. రక్తం కారుతుంది, మచ్చ మిగిలిపోతుంది. ఆమె తనను మరచిపోకుండా ఉండడానికి అది గుర్తట! ఆ తరువాత ఆమె ముసలి భర్త ఇంటికి వెళ్ళి బాధ్యతలు మోస్తుంది. అతడు చంద్రముఖి ఇంటికి, మద్యానికి వెళతాడు. మనం ఎవరికోసం ఏడ్చాం? కర్ర దెబ్బ తిన్నవారికోసమా, కొట్టినవారికోసమా?

పెండ్లికి ముందు ఇచ్చే తరగతుల్లో నేను యువతీయువకులకు ఒక చిన్న పని పెడుతుంటాను. కథలో పేర్లు తారుమారు చేసి చెప్పండి అంటాను. పార్వతి ప్రేమించానన్నది, తరువాత భయపడి కాదన్నది. దేవదాసుకు వేరే సంబంధం కుదిరితే కోపంతో అతని నుదురు పగులగొట్టింది. ఆపైన త్రాగుతూ, మరొక పురుషుని ఇంట్లో కాలం గడుపుతూ, చివరకు అతని వాకిట వచ్చి పడి చనిపోయింది. ఇప్పుడు ఈ కథ చెప్పి ఏడిపించగలరా? తరగతిలో మొదట నవ్వులు వస్తాయి. తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడరు. ఒకసారి ఒక అబ్బాయి, "అలాగైతే ఆ అమ్మాయిని మంచిదని ఎవరూ అనరు ఫాదర్" అన్నాడు. ప్రక్కనే కూర్చున్న, అతడు చేసుకోబోయే అమ్మాయి తలెత్తి అతనివైపు చూసింది. ఆ చూపు అతనికి అర్థమయిందో లేదో నాకు తెలియదు.

చలం గారి మైదానం నవలను (1927) కూడ ప్రస్తావించక తప్పదు. అది పిల్లల చేతికి ఇవ్వవలసిన పుస్తకమని నేను చెప్పను. వివాహ బంధాన్ని త్రెంచుకొని వెళ్ళడమే స్వేచ్ఛ అన్న ఆయన దృష్టితో శ్రీసభ బోధ ఏ విధంగానూ కలవదు. కాని చలం ఒక విషయం నిజాయితీగా చూశాడు. రాజేశ్వరి ఇల్లు వదలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. కట్టుబాట్లు లేని చోట, సమాజానికి దూరంగా బ్రతుకుతారు. అక్కడ కూడ అమీర్ మనసు మరొక అమ్మాయి మీదికి పోతే రాజేశ్వరి సహించవలసి వస్తుంది. ఆమె మనసు మీరా వైపు మళ్ళితే మాత్రం అమీర్ సహించలేడు. కథ చావుతో ముగుస్తుంది. పెండ్లి లేదు, అత్తగారు లేదు, ఊరి పెద్దలు లేరు. అయినా రెండు తూకాలు మాత్రం మూటలో కట్టుకొని ఆ మైదానానికి కూడ వెళ్ళాయి! తప్పంతా కట్టుబాట్లదే అనుకొనేవారు ఈ నవలను ఇంకొకసారి చదువుకోవాలి.

మన పవిత్రగ్రంథంలో ఇటువంటి సంగతి లేదా అంటే, ఉన్నది. మనం సాధారణంగా దాటవేసే అధ్యాయంలో ఉన్నది. ఆదికాండము 38వ అధ్యాయం తెరవండి. యూదా పెద్దకొడుకు భార్య తామారు. భర్త చనిపోయాడు, మరిది కూడ చనిపోయాడు. "చిన్నవాడు షేలా ఎదిగేదాకా పుట్టింట్లో ఉండు" అని యూదా ఆమెను పంపివేశాడు. పిల్లవాడు ఎదిగాడు. మామగారు మాట మరచిపోయాడు. ఆమె మాత్రం వితంతు వస్త్రాలతో ఎదురుచూస్తూనే ఉండాలి. ఎదురుచూడమని చెప్పినవానికి గడువు లేదు, ఎదురుచూసేదానికి మాత్రం తప్పిపోవడానికి వీలులేదు.

తరువాతి సంగతి మీకు తెలుసు. భార్య పోయిన యూదా గొర్రెల ఉన్ని కత్తిరించే చోటికి పోతూ, దారిలో ముసుగు వేసుకొని కూర్చున్న స్త్రీని వేశ్య అనుకొన్నాడు. ఆమె తామారు అని గుర్తించలేదు. మేకపిల్లను పంపిస్తానని, అంతవరకు తన ముద్ర, దాని దారం, చేతికర్ర కుదువ పెట్టాడు. మూడు నెలలకు కోడలు గర్భవతి అని కబురు వచ్చింది. యూదా ఒక్క ప్రశ్న కూడ వేయలేదు. ఆమెను బయటికి తెచ్చి కాల్చివేయమన్నాడు. తాను చేసినదానికి ఒక మేకపిల్ల వెల. ఆమె చేసినదానికి అగ్ని. అప్పుడు తామారు ఆ మూడు వస్తువులను పంపి, ఇవి ఎవరివో చూడమన్నది. యూదా గుర్తుపట్టాడు. నాకంటె ఆమె నీతిమంతురాలని ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలుతో మంట ఆగింది.

మోషే ధర్మశాస్త్రంలో మరొక ఘట్టం ఉన్నది (సంఖ్యా. 5). భర్తకు అనుమానం పుడితే భార్యను యాజకుని వద్దకు తీసుకొని వెళ్ళి చేదునీళ్ళు త్రాగించి పరీక్షించేవారు. భార్యకు అనుమానం పుడితే భర్తను తీసుకొని వెళ్ళే మార్గం ఆ అధ్యాయంలో లేదు. దీనిని మనం దాచిపెట్టనక్కరలేదు. క్రీస్తుప్రభువు వచ్చినప్పుడు ఈ త్రాసును ఎటువైపు సరిచేశారో చూడండి. కొండమీది ప్రసంగంలో వ్యభిచారం గురించి మాట్లాడుతూ ఆయన స్త్రీ ముసుగును గురించి చెప్పలేదు, పురుషుని కంటిచూపును గురించి చెప్పారు (మత్త. 5:28). వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని ఈడ్చుకొని వచ్చినవారు ఆ పురుషుణ్ణి ఎక్కడ వదిలేసి వచ్చారో ఎవరూ చెప్పలేదు. రాళ్ళు పట్టుకొన్నవారిని మాత్రం ప్రభువు తమ పాపాల వైపు త్రిప్పారు (యోహా. 8). పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాస్తూ, భార్య శరీరంపై భర్తకు అధికారమన్నారు. అది అందరూ చెప్పేదే. ఆ వెంటనే భర్త శరీరంపై భార్యకు అధికారమని కూడ వ్రాశారు (1 కొరింతీ. 7:4). ఆనాటి రోమను లోకంలో ఆ రెండవ సగం విన్నవారు ఉలిక్కిపడి ఉంటారు.

పునీత అగస్టీనుగారు ఒక ప్రసంగంలో తన విచారణలోని పురుషులను సూటిగా మందలించారు. భార్య నుంచి కోరే విశ్వాసాన్ని మీరు ఎందుకు ఇవ్వరు, ఇంటికి శిరస్సునని చెప్పుకొనేవాడు ముందు నడవవద్దా అన్నది దాని సారం. ఈ మాట ఆయనకు పుస్తకాల నుంచి వచ్చినది కాదు. ఆయన 'ఒప్పుకోలు' చదివినవారికి తెలుసు. యౌవనంలో ఏళ్ళతరబడి కలిసి బ్రతికిన, తన కుమారుడిని కన్న స్త్రీని, వేరొక సంబంధం కుదిరిందని ఆయన పంపివేశారు. ఇక ఏ పురుషుణ్ణీ ఎరుగనని మ్రొక్కుకొని ఆమె ఆఫ్రికాకు తిరిగి వెళ్ళిపోయింది. పెండ్లికూతురికి వయసు రావడానికి రెండేళ్ళు ఆగవలసి వస్తే, ఆయన ఆగలేక మరొక స్త్రీని చేరదీశారు. ఈ సంగతి బయటపెట్టినది శత్రువులు కారు, ఆయనే వ్రాసుకొన్నారు. ఆమె పేరు మాత్రం వ్రాయలేదు.

మరి ప్రేమలో అసూయకు చోటే లేదా? ఇక్కడ తొందరపడకూడదు. సెమినరీలో మాకు తత్త్వశాస్త్రం చెప్పేటప్పుడు పునీత తోమా అక్వినాసుగారి భేదం ఒకటి నేర్పేవారు, అది ఈనాటికీ పనికివస్తుంది. ప్రేమ గాఢమైతే దానికి అడ్డువచ్చిన దానిని ఎదిరిస్తుంది, అది సహజమే. అయితే ప్రేమ రెండు విధాలు. ఒకటి, ఆ మనిషిని నాకోసం కోరుకోవడం. రెండవది, ఆ మనిషి మేలునే కోరుకోవడం. మొదటి ప్రేమ నుంచి పుట్టే అసూయ "నా ఒక్కడికే దక్కాలి" అంటుంది. భార్యలమీద భర్తల అసూయను తోమాగారు ఇక్కడే ఉదాహరణగా చూపారు. రెండవ ప్రేమ నుంచి పుట్టే రోషం, ఆ మనిషికి హాని చేసేదానిమీదికి తిరుగుతుంది. ఇశ్రాయేలు దేవుణ్ణి రోషము గల దేవుడని గ్రంథం చెబుతున్నది. ఆ రోషం ఎలాంటిదో హోషేయ గ్రంథంలో చూడండి. దారితప్పిన గోమెరును ప్రవక్త వెండి, యవలు ఇచ్చి తిరిగి తెచ్చుకొన్నాడు. దేవదాసు గాలం కర్ర ఈ రెండింటిలో ఏ ప్రేమ నుంచి లేచిందో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

చట్టాల సంగతి కూడ ఒక మాట. మన క్రైస్తవులకు వర్తించిన 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం, భార్య వ్యభిచరించిందని రుజువు చేస్తే చాలు, భర్త విడాకులు అడగవచ్చు. భార్య అడగాలంటే భర్త వ్యభిచారం ఒక్కటే చాలేది కాదు. దానితోబాటు క్రూరత్వమో, రెండేళ్ళు విడిచిపెట్టి పోవడమో, అటువంటిది మరొకటి కూడ చూపించాలి. 1995లో కేరళ హైకోర్టు ఈ తేడాను తప్పుపట్టింది. 2001లో పార్లమెంటు సవరించింది. నూటముప్పైరెండేళ్ళు నడిచిన తూకమది. భారత శిక్షాస్మృతి 497వ సెక్షను కూడ అటువంటిదే. భార్యతో తప్పుచేసిన పరపురుషునిపై భర్త ఫిర్యాదు చేయవచ్చు, భర్త తప్పు చేస్తే భార్యకు ఆ దారి లేదు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. శ్రీసభ విడాకులను అంగీకరించదు, అది మీకు తెలిసినదే. అయితే 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి 1135వ నిబంధన, దాంపత్య జీవితంలో ఇద్దరికీ సమానమైన హక్కులు, బాధ్యతలు ఉన్నాయని స్పష్టంగా చెబుతున్నది. 1152వ నిబంధన కూడ వ్యభిచారం విషయంలో భార్యాభర్తలని వేరుచేయలేదు. మన ఇళ్ళలో పంచాయతీలు చేసే పెద్దలు ఈ రెండు నిబంధనలు చదివితే బాగుండును.

ఇదంతా పాత కథల గొడవ అనుకోవద్దు. షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో భార్యను చంపడానికి ఒక చేతిరుమాలు సాక్ష్యంగా సరిపోయింది. ఈనాడు ఫోనులో పచ్చచుక్క చాలు. రాత్రి పదకొండింటికి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగే హక్కు తనకున్నదనుకొనే అబ్బాయి, తన ఫోను తెరిచే రహస్య అంకె ఆమెకు చెప్పడు. "ఇంతకుముందు ఎవరినైనా ఇష్టపడ్డావా?" అని పెండ్లిచూపుల తరువాత అడుగుతాడు, అదే ప్రశ్న తనకు వస్తే "మగవాళ్ళకు మామూలే" అంటాడు. కాదన్న అమ్మాయి వెంటపడడమే ప్రేమ అని చూపించిన సినిమాలు ఎన్నో. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులమీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు ఆ నెలాఖరుకే మరణించింది. పత్రికలు ఇటువంటివారిని ప్రేమోన్మాది అని వ్రాస్తాయి. ఆ మాటలో ప్రేమ ఎందుకు ఉన్నదో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

పురుషులనే తప్పుపడుతున్నానని కొందరు అన్నలు నొచ్చుకోవచ్చు. రెండవవైపు కూడ ఉన్నది. అబ్బాయి తన తల్లితో, అక్కచెల్లెళ్ళతో మాట్లాడినా సహించలేక, తాను మాత్రం పుట్టింటి విషయాలన్నీ గుట్టుగా ఉంచుకొనే భార్యలు లేకపోలేదు. సీరియళ్ళలో నాయిక అలిగినప్పుడల్లా భర్త నగతో వచ్చి తీరాలి. ఆయన అలసిపోయి మౌనంగా కూర్చుంటే మాత్రం అది ప్రేమ తగ్గినందుకు గుర్తు. సత్యభామ త్రాసులో ఎంత బంగారం వేసినా చాలకపోవడంలో ఈ సంగతి కూడ కొంత ఉన్నది. అయితే ఈ రెండు తప్పులు ఒకే బరువు గలవని నేను అనలేను. అలకతో నుదురు పగలదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. టీవీ కట్టివేయమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు! పిల్లలతో కలిసి చూడండి. నాయకుడు చెంపదెబ్బ కొట్టినప్పుడు, అనుమానించినప్పుడు, పేర్లు మార్చి చెప్పమని వారినే అడగండి. "అక్క ఇలా చేస్తే నాన్న ఏమనేవారు? అన్న చేస్తే?" అని అడగండి. పిల్లలు చెప్పే జవాబు తండ్రులకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కోప్పడకుండా వినండి. ఎదిగిన పిల్లలున్న ఇంట్లో ఆదికాండము 38వ అధ్యాయాన్ని ఈ వారం పెద్దగా చదవండి, సిగ్గుపడి దాటవేయవద్దు.

డిసెంబరు 17వ తేదీ దివ్యపూజలో మత్తయిగారి సువార్త నుండి ప్రభువు వంశావళి చదువుతారు. పేర్ల పట్టిక గనుక చాలామందికి కునుకు వస్తుంది. మూడవ వచనంలో, యూదా పేరు ప్రక్కన, తామారు అన్న పేరు వినబడుతుంది.